రెండో కయాసావా

మా కయాసావా గ్రామం త్వరలో రెండు గ్రామాలుగా వృద్ధి చెందబోతున్నదని ప్రెసిడెంటు తతేవాకి జూబే గారు షోవా చక్రవర్తి పాలన పదిహేనో సంవత్సరం, అంటే 1940, ఏప్రిల్ మూడో తారీఖున బడి హాల్లో గొంతు సవరించుకుని ప్రకటించారు. మొదటి కయాసావా ఉన్నచోటే ఉంటుంది. రెండో కయాసావా సముద్రం అవతల మంచూరియాలో వెలుస్తుంది. కరువుకో వరదకో చీలిపోయిన ఊళ్ళు లోకంలో చాలా ఉన్నాయి గాని, కేవలం దూరదృష్టి వల్ల రెండైన ఊరు మాదొక్కటేనని ఆయన సెలవిచ్చారు. ఆ వాక్యం నేనే రాసిచ్చాను. నా పేరు నాకగోమి, గ్రామ కార్యాలయంలో గుమస్తాని. ప్రెసిడెంటుగారి దూరదృష్టికి కావలసిన కాగితమూ, సిరా, విశేషణాలూ సరఫరా చేయడం నా డ్యూటీ.

ఆ రోజు ఆయన కలరా ఉండల వాసన వేసే నల్లకోటు తొడుక్కుని వచ్చారు. "మన సామ్రాజ్యం తైవాన్ తీసుకుంది. కొరియా తీసుకుంది. మంచూరియాకి స్వాతంత్ర్యం ఇచ్చి, అది పారిపోకుండా పక్కనే నిలబడింది. ఇంత జరుగుతుంటే మనం రెండు కొండల మధ్య కూర్చుని ముల్లంగి ఊరగాయ నములుతూ ఉంటే చరిత్ర ఏమనుకుంటుంది?" అని అడిగారు. చరిత్ర ఏమనుకుంటుందో తెలియక అందరూ తలలు వంచుకున్నారు.

తరవాత లెక్క చెప్పారు. మా ఊళ్ళో రెండువందల పద్నాలుగు కుటుంబాలు. వలస శాఖ వారి శాస్త్రీయ సూత్రం ప్రకారం మా నేల నూట నలభై ఒక్క కుటుంబాలకే సరిపోతుంది. మిగిలిన డెబ్బై మూడూ అదనం. అప్పటిదాకా మాలో అదనపువాళ్ళున్నారని మాకు తెలియదు. తెలిసిన క్షణం నుంచీ ప్రతివాడికీ పక్కింటివాడి మీదే అనుమానం.

"అక్కడ కుటుంబానికి ఇరవై నాలుగెకరాలు. నల్లరేగడి. ఖాళీగా పడి ఉంది, మన కోసమే ఎదురు చూస్తోంది" అంటూ ప్రెసిడెంటుగారు ఒక ఫోటో పైకెత్తి చూపించారు.

వెనక వరసలోంచి గొన్రోకు లేచాడు. ఇతను ప్రెసిడెంటుగారి కౌలుదారు. ఏటి గట్టున రాళ్ళ దిబ్బ ఒకటి ఎందుకూ కొరగాకుండా ఉంటే, దాన్ని సాగులోకి తెచ్చి పది పంటలు తీసినవాడికి రాసిచ్చేస్తానని ప్రెసిడెంటుగారు పూర్వం ఒకసారి మంచి హుషారులో అన్నారు. ఆ మాట పట్టుకుని గొన్రోకూ అతని పెళ్ళాం కుమే రాళ్ళేరి, గోడ కట్టి, బుట్టలతో మట్టి మోసి అరెకరం వరిమడి చేశారు. తొమ్మిది పంటలైపోయాయి. ఈ ఏడు పదోది.

"అయ్యగారూ, నేల ఖాళీ అంటున్నారు, ఫోటోలో చాళ్ళు కనిపిస్తున్నాయి. ఎవరు దున్నారండీ?"

"ప్రకృతి" అన్నారు ప్రెసిడెంటుగారు.

"ప్రకృతి ఇంత తిన్నగా దున్నుతుందా అండీ?"

"మంచూరియా ప్రకృతికి క్రమశిక్షణ ఎక్కువ. మన సైన్యం అక్కడికి వెళ్ళి తొమ్మిదేళ్ళయింది."

హాలంతా చప్పట్లు కొట్టింది. గొన్రోకు కూడా కొట్టి కూర్చున్నాడు. వెళ్ళదలచినవాళ్ళు చెయ్యెత్తండి అని ప్రెసిడెంటుగారు మూడుసార్లు అడిగారు. ఒక్క చెయ్యి లేవలేదు. ఇంత నిండైన మౌనాన్ని తాను ఏ సభలోనూ చూడలేదని కృతజ్ఞతలు చెప్పి ఆయన సభ ముగించారు.

అంతటితో ఆ సంగతి చల్లారిపోయేదే. కాని కొండ అవతల హినోకుబో గ్రామం నుంచి అరవై కుటుంబాలు మంచూరియాకి పేర్లిచ్చాయని పత్రికలో పడింది. పక్కన ఆ ఊరి ప్రెసిడెంటు ఫోటో, గుండె మీద కాగితం పువ్వు. ఆ పత్రికని మా ప్రెసిడెంటుగారు మూడు రోజులు బల్లమీదే ఉంచుకుని చూశారు. నాలుగో రోజు పలక తెమ్మన్నారు.

మా ప్రాంతంలో ప్రభుత్వం వారు ఏం చెప్పినా పలక మీదే చెబుతారు. కలరా సూదులు, ఎలుకల నిర్మూలన, విమానదాడి డ్రిల్లు, ఏదైనా సరే కాగితం మీద రాసి చెక్కపలకకి తగిలిస్తే అది ఇంటింటికీ తిరుగుతుంది. చదివినట్టు గుర్తుగా ఇంటి ముద్ర వేసి పక్కింటికి అందించాలి. చదవడం మన ఇష్టం. ముద్ర మాత్రం తప్పదు. ముద్ర పడకపోతే పలక కదలదు, పలక కదలకపోతే ఆ వాడకట్టుకంతటికీ చెడ్డపేరు, బావి దగ్గర ఇరుగుపొరుగు మొహం తిప్పుకుంటారు. మా తాతలనాటి నుంచీ కయాసావాలో పలక ఆపినవాడు లేడు.

'రెండో కయాసావా మహోద్యమం' అన్న ప్రకటన తగిలించుకుని పలక బయలుదేరింది. ఏటిగట్టు వాడకట్టుకి నేనే పట్టుకెళ్ళాను. గొన్రోకు మడిలో ఉన్నాడు. కుమే చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమిటండీ గుమస్తాగారూ, మళ్ళీ ఎలుకలా?"

"కాదమ్మా, మంచూరియా సంగతి. చూసినట్టు ముద్ర వేస్తే చాలు."

"చూసినట్టేగా? వెళ్తున్నట్టు కాదుగా?"

"ఛ ఛ" అన్నాను నేను. ఆమె ముద్ర వేసింది.

మూడు రోజుల్లో పలక తిరిగొచ్చింది. రెండువందల పద్నాలుగు ముద్రలూ ఎర్రగా, వరసగా, ఒక్కటీ వంకర లేకుండా ఉన్నాయి. ప్రెసిడెంటుగారు వాటికేసి చాలాసేపు ఆప్యాయంగా చూసి, "నాకగోమీ, దీనికి పైన ఒక లేఖ జత చెయ్యి. కింద ముద్రలు వేసిన కుటుంబాలన్నీ సామ్రాజ్య సేవకై మంచూరియా వెళ్ళడానికి సంకల్పించాయి అని" అన్నారు.

"అయ్యా, ఇవి చూసినట్టు వేసిన ముద్రలండీ."

"చూశారా లేదా?"

"చూశారండి."

"చూసి ఎవరైనా అభ్యంతరం చెప్పారా?"

"లేదండి."

"అభ్యంతరం లేకపోతే ఉన్నదేమిటి? సంకల్పం. రాయి."

రాశాను. నా దస్తూరీ బావుంటుంది. ఈ ఉద్యోగం వచ్చింది దానివల్లే.

ఆ పైన జరిగింది పత్రికల్లో వచ్చింది గనుక మీరు చదివే ఉంటారు. 'గ్రామం గ్రామమే కదిలింది! నూటికి నూరు!' హినోకుబో వారిది నూటికి ముప్ఫై మాత్రమే. పది రోజుల్లో జిల్లా నుంచి వలస శాఖ అధికారి ఇసురుగి గారు కారులో వచ్చారు. అగ్నిమాపక దళంవారు ఉన్న ఒక్క బాకా ఊదారు. ఇసురుగి గారు ముద్రల కాగితాన్ని రెండు చేతులతో కళ్ళకద్దుకున్నారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంత చిన్న ఊళ్ళో ఇంత దేశభక్తి ఎలా సాధించారు?"

"మా గాలే అంత" అన్నారు ప్రెసిడెంటుగారు వినయంగా.

సరిగ్గా అప్పుడే గొన్రోకు గడ్డిచెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చాడు. చేతిలో పత్రిక ఉంది. అతనికి చదువు అంతంత మాత్రం, ఎవరో చదివి చెప్పినట్టున్నారు.

"అయ్యగారూ, నేను మంచూరియా వెళ్తానన్నానని ఇందులో ఉందటండీ. నేననలేదండీ."

"ముద్ర నీదేనా?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"నాదేనండీ. చూసినట్టు వేశాం."

"చూసి ఉత్తేజితుడివయ్యావు."

"లేదండీ, చూసి పక్కింటికిచ్చాం."

ఇసురుగి గారు చిరునవ్వు నవ్వి, "మన రైతు మనసులో ఉన్నది పైకి చెప్పుకోలేడు. అందుకే ముద్ర అనే పద్ధతి పెట్టారు" అన్నారు. నేను ఆ మాట వెంటనే నోట్ చేసుకున్నాను.

గొన్రోకు కాగితం మీదికి వంగి కాసేపు చూశాడు. పలక ఎప్పుడూ ప్రెసిడెంటుగారింటి నుంచే బయలుదేరుతుంది. "మొదటి ముద్ర అయ్యగారిదే కదండీ. అయ్యగారు కూడా వస్తున్నారాండీ?"

ఇసురుగి గారు ప్రెసిడెంటుగారి వైపు తిరిగారు. ప్రెసిడెంటుగారు టీ కప్పు తీసి, ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, "నాది పంపేవాడి ముద్ర" అన్నారు.

ఇసురుగి గారు డైరీ తీసి 'పంపేవాడి ముద్ర' అని రాసుకున్నారు. తరవాత మిగతా జిల్లాల్లో కూడా ఈ పద్ధతి అమలులోకి వచ్చిందని విన్నాను.

వెళ్ళడానికి రెండువందల పద్నాలుగు కుటుంబాలు పోటీపడుతుంటే అందరినీ పంపడం న్యాయం కాదు కనుక డెబ్బై మూడు అదృష్టవంతులను ఎంపిక చేయడానికి కమిటీ వేశారు. ప్రెసిడెంటుగారు అధ్యక్షులు, సారాబట్టీ నడిపే ఆయన బావమరిది సభ్యుడు, మాజీ సైనికుల సంఘం తరఫున మళ్ళీ ప్రెసిడెంటుగారు. ఎంపికైనవారంతా ప్రెసిడెంటుగారి కౌలుదారులో, బావమరిదిగారి కౌలుదారులో కావడం యాదృచ్ఛికం. మహత్కార్యాల్లో యాదృచ్ఛికాలు సహజం. గొన్రోకు పేరు మొట్టమొదట ఉంది.

ప్రయాణం సెప్టెంబరు పద్ధెనిమిదిన. ఏటిగట్టు మడి కోతకొచ్చేది అక్టోబరు మొదటివారంలో. గొన్రోకు మళ్ళీ వచ్చాడు, ఈసారి కుమేని వెంటబెట్టుకుని.

"అయ్యగారూ, పోనీ వెళ్తామండీ. కోత కోసి వెళ్తాం. పదిహేను రోజులే కదండీ, పదో పంట అయిపోతుంది" అన్నాడు.

"ఓడ నీ కోత కోసం ఆగుతుందటయ్యా? నీకెందుకు దిగులు, పదో పంట నేనే దగ్గరుండి కోయిస్తాను."

"మీరు కోయిస్తే అది మీ పంటవుతుందండీ. నేను కోస్తేనే నా పదో పంట."

"దేశం గొప్పదా, పంట గొప్పదా?"

ఈ ప్రశ్నకి ఆ రోజుల్లో జవాబు ఒక్కటే. రెండో జవాబు చెప్పినవాళ్ళింటికి పోలీసు సైకిలు వచ్చేది. గొన్రోకు "దేశమేనండీ" అన్నాడు. ప్రెసిడెంటుగారు లేచి అతని భుజం తట్టారు.

"పేరు కొట్టేయమనవయ్యా, పోతే పోయింది మడి" అంది కుమే మొగుడితో.

"కొట్టేస్తే ఊరికి నూటికి నూరు పోతుందమ్మా, పత్రికలో వేసేశారు" అన్నాను నేను.

ఆమె నా వైపు తిరిగింది. "మీ పేరు లేదేం గుమస్తాగారూ, జాబితాలో?"

"నేను జాబితా రాసేవాణ్ణమ్మా."

ఆమె మొగుణ్ణి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది. నాలుగు తిట్టి వెళ్తే బావుండేది.

ప్రయాణం రోజు పొద్దున జాబితా సరిచూసుకోవడానికి ఏటిగట్టుకి వెళ్ళాను. గొన్రోకు మడిలో నిలబడి ఒక కంకి గిల్లి పంటి కింద పెట్టుకున్నాడు. "గింజలో ఇంకా పాలే" అన్నాడు. తరవాత గట్టుమీదికొచ్చి, రాళ్ళగోడ దిగువన గడ్డిలో దాగి ఉన్న చిన్న తలుపుచెక్క చూపించాడు. "ఏరు పొంగితే ఈ చెక్క ఎత్తాలండీ. ఎత్తకపోతే నీళ్ళు గోడని వెనకనుంచి నెట్టేస్తాయి. అయ్యగారితో చెప్పండి. మర్చిపోకండేం." చెబుతానన్నాను. చెప్పాను కూడా. ఆ సమయానికి ప్రెసిడెంటుగారు ఫోటోకి నిలబడి ఉన్నారు, కదలకూడదు.

లారీల దగ్గర తెల్లటి గుడ్డ జెండాలు, మహిళా సంఘం వాళ్ళ భుజాన పట్టీలు, బాకా. ప్రెసిడెంటుగారు పెట్టె మీదికెక్కి, "మీరు ఊరు విడిచి వెళ్తున్నారని ఎవరన్నా అంటే నమ్మకండి. కయాసావా విస్తరిస్తోంది!" అన్నారు.

పులియబెట్టిన సోయా ముద్ద, మిసో, జాడీ ఒళ్ళో పెట్టుకుని లారీలో కూర్చున్న కుమే, "విస్తరించేది కయాసావానా, అయ్యగారి పొలమా?" అని పక్కావిడతో అంది. అదృష్టవశాత్తూ అప్పుడే అందరం చక్రవర్తికి జేజేలుగా మూడుసార్లు బంజాయ్ కొట్టాం. ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది.

డిసెంబరులో రెండో కయాసావా నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. గొన్రోకు చెబితే ఎవరో రాసిపెట్టారు. బడి హాల్లో దాన్ని నేను చదవాలి. ముందు ప్రెసిడెంటుగారు ఎర్ర పెన్సిలుతో దిద్దారు. అసలు ఉత్తరంలో ఇలా ఉంది: 'నేల మంచిది. ఇల్లు కట్టే ఉంది. మేం వెళ్ళినరోజున పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది. పెరట్లో క్యాబేజీ ఊరగాయ జాడీ సగం ఉంది. కుమే దాన్ని ముట్టుకోనంటుంది. రోజూ పొద్దున ఒక ముసలాయన గేటు దగ్గరికొచ్చి టోపీ తీసి నిలబడతాడు. పని అడుగుతున్నాడని దుబాసీ చెప్పాడు. ఇచ్చాను. ఆ పొలంలో ఎక్కడ తడి ఆగుతుందో, ఎక్కడ రాయి తగులుతుందో అన్నీ అతనికి తెలుసు. నేను నాగలి తప్పుగా పెడితే కేకలేస్తాడు. నా మొహం మాత్రం చూడడు. నా పదో పంట ఏమైందో అయ్యగారిని అడిగి రాయించగలరు.'

హాల్లో నేను చదివింది ఇలా: 'నేల మంచిది. మాకు వెచ్చటి స్వాగతం లభించింది. తినుబండారాలు సమృద్ధి. స్థానికులు ప్రతి ఉదయం టోపీ తీసి గౌరవిస్తున్నారు.' బంజాయ్ కొట్టారు. 'నిన్నటి కౌలుదారు, నేటి భూస్వామి' అని పత్రికలో వచ్చింది. ప్రెసిడెంటుగారి గుండె మీద ఈసారి కాగితం పువ్వు కాదు, నిజం పతకమే.

పదో పంట ఏమైందో రాయించమన్నాడు గనుక చెబుతున్నాను. సెప్టెంబరు ఇరవై ఏడున వాన పట్టింది. ఏరు పొంగింది. తలుపుచెక్క ఎవరూ ఎత్తలేదు. గోడ వెనకనుంచి కూలి, సగం వరి ఏట్లో కొట్టుకుపోయింది. మిగతా సగం ప్రెసిడెంటుగారు దగ్గరుండి కోయించారు. గొన్రోకుకి ఆ సంగతి నేను రాయలేదు. అసలు ఉత్తరం నా సొరుగులో పెట్టుకున్నాను. 'చూసినట్టు ముద్ర వేస్తే చాలు' అన్న నోరు నాదే. చాలా రోజులు అన్నం సయించలేదు. అయినా రోజూ ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్ళాను, ఆలస్యం చేసింది లేదు.

ఫిబ్రవరిలో ఇంకో ఉత్తరం వచ్చింది. రెండే వాక్యాలు. 'ముసలాయన పది రోజులుగా రావడం లేదు. ఏమయ్యాడని దుబాసీని అడిగితే, అడగవద్దన్నాడు.' ఇందులో దిద్దడానికి ఏమీ లేనందున ప్రెసిడెంటుగారు దీన్ని హాల్లో చదివించలేదు.

మంచు కరిగాక ఒక సాంకేతిక సమస్య బయటపడింది. డెబ్బై మూడు కుటుంబాలు చేసిన నేలంతా ప్రెసిడెంటుగారి చేతికీ బావమరిది చేతికీ వచ్చింది గాని, దాంట్లో దిగేవాళ్ళు లేరు. కుర్రాళ్ళని సైన్యం తీసుకుపోయింది. మల్బరీ తోటల్లో నడుమెత్తు గడ్డి. అదనం పోయాక చూస్తే, పని చేస్తున్నది ఆ అదనమేనని తేలింది. దీన్ని ప్రెసిడెంటుగారు 'విజయం తెచ్చిన శ్రామికుల కొరత' అని జిల్లాకు రాయించారు.

ఇసురుగి గారు మళ్ళీ కారులో వచ్చారు. "సామ్రాజ్యం ఉన్నది ఎందుకండీ? ఇక్కడివాళ్ళు అక్కడికి వెళ్ళారు. అక్కడివాళ్ళని ఇక్కడికి పంపుతాం" అని, కింది లోయలో ఆనకట్ట దగ్గర పనిచేస్తున్న కొరియా కూలీల్లోంచి పదకొండు మందిని తెప్పించి అప్పగించారు. ప్రెసిడెంటుగారు వాళ్ళని వరసలో నిలబెట్టి, కయాసావా గాలి గురించి ఉపన్యాసం ఇచ్చి, రిజిస్టరులో ఎక్కించమని నాకు చెప్పి భోజనానికి వెళ్ళారు.

నాలుగోవాడికి యాభై ఏళ్ళుంటాయి. చేతులు బాగా కాయలు కాచి ఉన్నాయి. పేరడిగితే తకెయామా అన్నాడు. కిందటేడు ప్రభుత్వం వారు కొరియా వాళ్ళందరికీ మన పేర్లు ప్రసాదించారు, ఇది కొత్త పేరు, చెప్పేముందు కొంచెం గుర్తు తెచ్చుకున్నాడు. అతనికి ఏటిగట్టు మడీ, గొన్రోకు ఇల్లూ కేటాయించారు. ముందురోజు సాయంత్రమే దిగారు గనుక అప్పటికే వెళ్ళి చూసొచ్చాడట.

"ఆ రాళ్ళగోడ ఎవరు కట్టారండీ? కూలింది గాని, కట్టినవాడికి చెయ్యి తెలుసు" అన్నాడు. మా భాష బాగానే మాట్లాడుతున్నాడు.

"స్వగ్రామంలో పొలం ఉందా?" అన్నాను, ఆ గడి నింపాలి కనుక.

"ఉండేదండీ."

"ఇప్పుడెవరు చేస్తున్నారు?"

"మీ దేశం నుంచి ఒకాయన వచ్చాడండీ. చెడ్డవాడేం కాదు. మొదట్లో నాకే పని ఇచ్చాడు."

తరవాతి గడి 'ఇక్కడికి వచ్చుటకు కారణము'. అందులో 'స్వచ్ఛందము' అని అచ్చులోనే ఉంది, నేను రాయాల్సిన పని లేదు. నేను కలం సిరాలో ముంచుతుంటే అతను, "ఆ ఇంటాయన ఎక్కడికి వెళ్ళాడండీ?" అన్నాడు.

"మంచూరియా. అక్కడ ఇల్లూ, పొలమూ ఇచ్చారు."

"కట్టిన ఇల్లేనాండీ?"

"కట్టిన ఇల్లే."

వెనక నిలబడ్డ ఏడుగురూ కూడా నా వైపే చూస్తున్నారు.

"మరి ఆ ఇంట్లో ఉన్నతను ఎక్కడికి వెళ్ళాడండీ?"

నేను రిజిస్టరు మొదటినుంచి చివరిదాకా తిప్పాను. పేరు, వయస్సు, స్వగ్రామం, కేటాయించిన ఇల్లు, కారణము, ముద్ర అన్నీ ఉన్నాయి. అతనడిగిన దానికి గడి లేదు.

"తరవాతివాడు" అని పిలిచాను.